స్వంత సర్వరునందు నేమ్‌సర్వరును నెలకొల్పు విధము

మనుష్యులకు పేరులు జ్ఞాపకముండును. యంత్రములకు అంకెలు కావలయును. ఈ రెంటికి నడుమ నిలిచి, పేరు చెప్పినవారికి అంకెలు తెలుపు ఏర్పాటునకే డీఎన్‌ఎస్ అని పేరు. మనము ఫోనునందు గాని కంప్యూటరునందు గాని యొక వెబ్‌సైటు పేరు వ్రాసి మీట నొక్కగానే పుట తెఱచుకొనుచున్నది గదా. ఆ క్షణములోపలనే దూరదేశములందలి యంత్రములు సయితము ప్రశ్నింపబడి ప్రత్యుత్తరము లిచ్చుచున్నవి. ఈ సంగతి నెఱుగకున్నను పుట చదువువారికి నష్టము లేదు. కాని స్వంతముగా నొక సర్వరును అద్దెకు దీసికొని, పాఠశాలకో ఆసుపత్రికో సహకార సంఘమునకో వెబ్‌సైటును నడపబూనినవారు దీని నెఱుగక తీరదు. పుట లెంత చక్కగా వ్రాసినను పేరు పలుకనియెడల నవి లేనట్లే. ఆ పేరునకు వచ్చు ఉత్తరములును రానట్లే. కావున నీ విషయమును మొదటినుండి క్రమముగా వివరింప బూనితిమి.

పూర్వ వృత్తాంతము

ఇప్పటి ఇంటర్నెట్టునకు మూలమైన అర్పానెట్ అను యంత్రజాలము అమెరికా దేశమున 1969 వ సంవత్సరమున నారంభమైనది. మొదట నందలి యంత్రములు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. వాని పేరులను, అంకెలను ఒకే పట్టికయందు వ్రాసి, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చి ఇన్‌స్టిట్యూటువారి సమాచార కేంద్రమున నుంచెడివారు. ఎలిజబెత్ ఫైన్‌లర్ అను విదుషీమణి యా కేంద్రమునకు అధిపతిగా నుండెను. క్రొత్త యంత్రము చేరినప్పుడెల్ల ఆ కేంద్రమునకు దెలుపవలయును; వారు దానిని పట్టికలో నెక్కింతురు; తక్కినవారందఱు ఆ పట్టికను మరల మరల దెచ్చుకొని తమ యంత్రములందు భద్రపఱచుకొనవలయును. యంత్రములు వందలకొలది యగునప్పటికి ఈ పద్ధతి సాగదయ్యెను. ఒకరు పట్టికను దెచ్చుకొనులోపలనే యది పాతబడుచుండెను. ఇద్దఱు ఒకే పేరు పెట్టుకొనుటచేత చిక్కులును గలుగుచుండెను.

అప్పుడు దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు జెందిన ఇన్‌ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూటునందు పనిచేయుచుండిన పాల్ మొకపెట్రిస్ అను శాస్త్రజ్ఞుడు, జాన్ పోస్టెల్ ప్రేరణమున, క్రొత్త పద్ధతిని గల్పించి 1983 వ సంవత్సరము నవంబరు నెలలో ఆర్‌ఎఫ్‌సీ 882, 883 అను పత్రములుగా ప్రకటించెను. 1987 లో నవి సవరింపబడి 1034, 1035 అను సంఖ్యలతో వెలువడెను. నేటికిని డీఎన్‌ఎస్‌కు ఇవియే పునాది. ఈ పద్ధతి ననుసరించి నడచు బైండ్ అను ప్రోగ్రామును తొలుత వ్రాసినవారు బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచుండిన నలుగురు విద్యార్థులని మన పిల్లలు గుర్తుంచుకొందురు గాక.

అధికార విభజనము

మొకపెట్రిస్ కల్పనయందలి సారము ఒక్క మాటలో చెప్పవచ్చును: లెక్క నంతయు నొకచోట నుంచకుడు, ఎవరి లెక్క వారియొద్దనే యుండనిండు, పైవారు క్రిందివారి చిరునామా నెఱిగియున్న చాలును.

పూర్వము మన జిల్లాలలో నొక పొలము వివరము కావలసివచ్చినదనుకొందము. జిల్లా కచ్చేరీవారు ఆ గ్రామము ఏ తాలూకాలోనిదో చెప్పుదురు. తాలూకావారు గ్రామమును, దాని కరణమును జూపుదురు. కరణము తన అడంగలు విప్పి యా పొలము సంగతి చెప్పును. డీఎన్‌ఎస్ నడక యిట్టిదే. దీనియందు పేరును కుడినుండి యెడమకు చదువవలయును. ఉత్తరముమీది చిరునామాను తపాలావారు క్రిందినుండి పైకి చూచినట్లే యిదియును. అన్నిటికంటె పైన మూలస్థానము గలదు. దానిని రూట్ అందురు. దానికి ఏ మొదలు ఎమ్ వఱకు గల ఆంగ్లాక్షరములతో 13 పేరుల సర్వరులు గలవు. ఒక్కొక్క పేరునకు లోకమందు పలుచోట్ల ననేక ప్రతు లున్నవి. మూలస్థానమువారికి కామ్, ఆర్గ్, ఇన్ మొదలైన తుదిపేరుల నెవరు చూచుచున్నారో తెలియును. ఇన్ అను తుదిపేరును మన దేశమున నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్చేంజి ఆఫ్ ఇండియా అను సంస్థ చూచుచున్నది. తెలుగు లిపిలో భారత్ అను తుదిపేరును గలదు. అయితే యంత్రములు పరస్పరము మాటలాడుకొనునప్పుడు అట్టి తెలుగు పేరు ఎక్స్‌ఎన్ అను రెండక్షరములతోను, రెండు అడ్డగీతలతోను మొదలగు ఆంగ్లరూపమును దాల్చును.

ఈ పనిలో రెండు తెగల సర్వరులు గలవని స్పష్టముగా దెలిసికొనవలయును. మొదటిది రిసాల్వరు: ఇది మన పక్షమున తిరిగి వెదకి ప్రత్యుత్తరము తెచ్చును. రెండవది అధికార నేమ్‌సర్వరు: ఇది తన యధీనములోని పేరులకు మాత్రము తానే ప్రమాణముగా బదులు చెప్పును. మనము స్థాపింపబూనునది రెండవ తెగలోనిది. రిసాల్వరు ఒకసారి తెచ్చిన ప్రత్యుత్తరమును కొంతకాలము జ్ఞాపకముంచుకొనును. ఎంతకాలమో ఆ ప్రత్యుత్తరములోననే సెకండ్లలో వ్రాసియుండును. దీనికే టీటీఎల్ అని పేరు. 86400 అని వ్రాసినయెడల నొక దినము. 300 అని వ్రాసినయెడల నైదు నిమిషములు.

స్వయముగా పెట్టుకొనవలయునా?

పేరు నమ్మిన రిజిస్ట్రారులలో పెక్కుమంది తమ నేమ్‌సర్వరులనే ఉచితముగా వాడుకొననిత్తురు. ఒకే పేరు గల చిన్న సంస్థకు అదియే చాలునని మా తలంపు. పది పేరులను నడపువారును, మార్పులను తామే తోడ్తోడ చేసికొన గోరువారును, ఈ విద్యను పనిచేసి నేర్చుకొన గోరువారును స్వంతముగా స్థాపించుకొనవచ్చును. అట్లు చేయువారు ముందుగా రెండు నియమములను మనసున నుంచుకొనవలయును.

మొదటిది: పేరు సంస్థదై యుండవలయును. వెబ్‌సైటు చేసిపెట్టిన యువకుడు తన పేరిట, తన స్వంత ఈమెయిలుతో డొమైన్‌ను రిజిస్టరు చేయించును. కొన్నియేండ్లకు వేఱొక యూరికి బోవును. ఏటేట గట్టవలసిన రుసుము సూచన అతని పాత పెట్టెలో బడియుండును. గడువు దాటిన పేరును, వ్యవధి ముగిసిన పిమ్మట, ఎవరైనను కొనుక్కొనవచ్చును. అప్పుడు పాఠశాల పత్రములపై నచ్చువేసిన పేరు వెంట బోయిన తల్లిదండ్రులకు పరుల వ్యాపార ప్రకటనలు కనబడును. పూర్వవిద్యార్థులు వ్రాసిన ఉత్తరములు పరుల చేత బడును. కావున రిజిస్ట్రేషను సంస్థ పేరిట నుండవలయును. సూచనలు ఇద్దఱు బాధ్యులకైనను అందవలయును. ఆ యీమెయిలు చిరునామా ఆ డొమైన్‌మీదనే ఆధారపడినదై యుండరాదు.

రెండవది: నేమ్‌సర్వరులు రెండింటికి దక్కువ యుండరాదు, అవి యొకేచోట నుండరాదు. ఒకే యంత్రమునకు రెండు పేరులు పెట్టి లెక్క పూర్తిచేయువారు గలరు. ఇది యొక్క స్తంభముమీదనే యింటి భారమంతయు మోపుట. ఈ దోషము పెద్దలకును దప్పలేదు. 2001 వ సంవత్సరము జనవరిలో మైక్రోసాఫ్ట్ కంపెనీవారి నేమ్‌సర్వరులు నాలుగును ఒకే మార్గము వెనుక నుండెను. ఆ మార్గమునందలి రౌటరులో చేసిన మార్పు తప్పుటచేత వారి వెబ్‌సైటులు దాదాపు ఒక దినము జనులకు దొరకకపోయెను. 2021 అక్టోబరు 4 న ఫేస్‌బుక్కువారి అంతర్మార్గములందు గలిగిన లోపమువలన వారి నేమ్‌సర్వరులకు బోవు దారులు లోకమునకు గనబడకుండ బోయెను. సర్వరులు నడచుచునే యున్నను, దారి లేనందున వాని నడుగువారికి బదులు లేదు. ఫేస్‌బుక్కు, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడును సుమారు ఆఱు గంటలు నిలిచిపోయెను. కావున రెండవ నేమ్‌సర్వరు వేఱొక కంపెనీవారియొద్ద, వేఱొక యూరిలో నుండుట మేలు. మిత్రసంస్థలు రెండు పరస్పరము ఒకరికొకరు రెండవ నేమ్‌సర్వరుగా నుండుటయు మంచి పద్ధతియే.

స్థాపన క్రమము

ఉదాహరణమునకు ఎగ్జాంపుల్.ఆర్గ్ అను పేరును గైకొందము. ఎగ్జాంపుల్ అను నీ పేరు 1999 లో ఉదాహరణములకే ప్రత్యేకింపబడినది గనుక నెవరికిని దీనివలన బాధ లేదు. అట్లే 192.0.2 తోను, 198.51.100 తోను మొదలగు అంకెలును గ్రంథములందు చూపుటకే కేటాయింపబడినవి. మొదటి సర్వరు అంకె 192.0.2.10 అనియు, రెండవదానిది 198.51.100.20 అనియు ననుకొందము. వాని పేరులు ఎన్‌ఎస్1.ఎగ్జాంపుల్.ఆర్గ్, ఎన్‌ఎస్2.ఎగ్జాంపుల్.ఆర్గ్. ఇవన్నియు యంత్రమున ఆంగ్లాక్షరములతోనే వ్రాయవలయునని వేఱుగ జెప్పనక్కఱలేదు.

1. ప్రోగ్రాము. బైండ్ 9 మిక్కిలి ప్రాచుర్యము గలది. ఎన్‌ఎస్‌డీ, నాట్, పవర్‌డీఎన్‌ఎస్ అనునవియు గలవు. డెబియన్, ఉబుంటు సర్వరులందు బైండ్‌ను ఒక్క ఆజ్ఞతో ప్రతిష్ఠింపవచ్చును. తరువాత ఫైర్‌వాల్‌లో 53 వ పోర్టును యూడీపీకిని టీసీపీకిని గూడ తెఱువవలయును. పెక్కుమంది యూడీపీని మాత్రము తెఱచి విడుతురు. చిన్న ప్రత్యుత్తరములు అందుచుండును గనుక లోపము కనబడదు. పెద్ద ప్రత్యుత్తరములును, ఒక సర్వరునుండి మఱియొకదానికి బోవు లెక్క మొత్తమును టీసీపీమీదనే పోవును గనుక నెన్నడో యొకనాడు చిక్కు బయటపడును.

2. జోన్ పత్రము. కరణమునకు అడంగలెట్లో నేమ్‌సర్వరునకు జోన్ పత్రమట్లు. దీనియందు మొదట ఎస్‌ఓఏ అను పద్దు వ్రాయవలయును. ప్రధాన సర్వరు పేరు, బాధ్యుని ఈమెయిలు, వరుస సంఖ్య, నాలుగు కాలపరిమితులు ఇందుండును. వరుస సంఖ్యను సంవత్సరము, నెల, తేది, ఆనాటి మార్పు లెక్క వచ్చునట్లు 2025061501 అను రీతిని వ్రాయుట వాడుక. కాలపరిమితులలో రెండవ సర్వరు వచ్చి చూడవలసిన వ్యవధి 7200 సెకండ్లు, దొరకనిచో మరల యత్నింపవలసిన వ్యవధి 900, మొదటిది యెంతకాలము దొరకకున్నను లెక్కను నమ్మి బదులు చెప్పవలసిన వ్యవధి 1209600, అనగా 14 దినములు, పేరు లేదను ప్రత్యుత్తరమును జ్ఞాపకముంచుకొనదగిన కాలము 3600 అని వ్రాసికొనవచ్చును.

3. తక్కిన పద్దులు. ఎన్‌ఎస్ అను పద్దులు నేమ్‌సర్వరుల పేరులను దెలుపును. ఏ అను పద్దు పేరునకు 32 బిట్ల పాత అంకెను, నాలుగు ఏ అక్షరముల పద్దు 128 బిట్ల క్రొత్త అంకెను జూపును. ఎమ్‌ఎక్స్ అను పద్దు ఉత్తరములు ఏ యంత్రమునకు బోవలయునో చెప్పును. సీనేమ్ అనునది యొక పేరునకు మఱియొక పేరు మారుపేరని తెలుపును. సీనేమ్ వ్రాసిన పేరునకు తక్కిన పద్దులు వ్రాయగూడదు. కావుననే డొమైన్ మొదటి పేరునకు సీనేమ్ వ్రాయరాదు. ఎమ్‌ఎక్స్ చూపు పేరునకు నేరుగా అంకె యుండవలయునేగాని యది మారుపేరై యుండరాదు.

4. చుక్క. ఈ పత్రమునందు పూర్తి పేరు వ్రాసినప్పుడు చివర నొక చుక్క పెట్టవలయును. చుక్క లేనియెడల ప్రోగ్రాము ఆ పేరు అసంపూర్ణమని తలంచి డొమైన్ పేరును మరల దగిలించును. ఎన్‌ఎస్1.ఎగ్జాంపుల్.ఆర్గ్ అని చుక్క లేక వ్రాసితిమేని, అది ఎన్‌ఎస్1.ఎగ్జాంపుల్.ఆర్గ్.ఎగ్జాంపుల్.ఆర్గ్ అగును. వ్యాకరణమున సున్న లోపించిన అర్థము మాఱినట్లు, ఇచ్చట నొక చుక్క లోపించిన డొమైన్ మొత్తము మూగపోవును.

5. రెండవ సర్వరు. దీనియందు లెక్కను మరల చేతితో వ్రాయనక్కఱలేదు. మొదటిదాని అంకెను జెప్పి, దానినుండి ప్రతి తెచ్చుకొనుమని యేర్పఱచిన చాలును. మార్పు జరిగినప్పుడు మొదటిది కబురు పంపును. రెండవది వచ్చి వరుస సంఖ్యను జూచును. తనయొద్దనున్నదానికంటె పెద్దదైననే ప్రతిని గొనిపోవును. కావున పద్దు మార్చినప్పుడెల్ల వరుస సంఖ్యను బెంచవలయును. పెంచనియెడల రెండు సర్వరులు రెండు విధములుగా బదులు చెప్పును. వెబ్‌సైటు కొందఱికి క్రొత్తచోటను, కొందఱికి పాతచోటను గనబడును. ఇట్టి చిక్కునకు కారణము వెదకుట మిక్కిలి కష్టము.

6. జిగురు పద్దు. ఎన్‌ఎస్1.ఎగ్జాంపుల్.ఆర్గ్ అంకె యేమని యడుగవలసినయెడల ఎగ్జాంపుల్.ఆర్గ్ యొక్క నేమ్‌సర్వరు నడుగవలయును. ఆ నేమ్‌సర్వరు ఏది? ఎన్‌ఎస్1 యే. ఇది పెట్టె తాళపుచెవిని ఆ పెట్టెలోననే యుంచి తాళము వేసినట్లున్నది. ఈ చిక్కు విడిపోవుటకు పైవారగు ఆర్గ్ సర్వరులే ఆ రెండు పేరులతోపాటు వాని అంకెలనుగూడ చెప్పునట్లు ఏర్పాటు గలదు. దీనిని గ్లూ, అనగా జిగురు, అందురు. రిజిస్ట్రారువారి పుటయందు నేమ్‌సర్వరు పేరును, అంకెను నమోదు చేయుటకు స్థలముండును. అది పూర్తిచేసిన పిమ్మటనే డొమైన్‌కు ఆ పేరులను నేమ్‌సర్వరులుగా నియమింపవలయును. సర్వరు అంకె మాఱినప్పుడు ఈ జిగురు పద్దునుగూడ మార్చుట మఱవరాదు.

7. పరీక్ష. బైండ్‌తోపాటు నేమ్డ్-చెక్‌కాన్ఫ్, నేమ్డ్-చెక్‌జోన్ అను సాధనములు వచ్చును. ప్రోగ్రామును మరల నడపుటకు ముందు వీనితో పరీక్షించుట యలవాటు చేసికొనవలయును. తరువాత డిగ్ అను సాధనముతో నొక్కొక్క నేమ్‌సర్వరును వేఱువేఱుగ నడిగి, రెండును ఒకే వరుస సంఖ్య చెప్పుచున్నవో లేదో, ప్రత్యుత్తరమునందు ఏఏ అను అధికార చిహ్నమున్నదో లేదో చూడవలయును. ట్రేస్ అను మాటను జేర్చి యడిగినయెడల మూలస్థానమునుండి మన సర్వరు వఱకు ప్రశ్న పోవు దారి యంతయు డిగ్ చూపును. తరగతిలో డీఎన్‌ఎస్ బోధించుటకు ఇంతకన్న మంచి పాఠము లేదు. ఈ పరీక్షలు సర్వరులోపలినుండి మాత్రమేగాక వెలుపలి కనెక్షను నుండియు జేయవలయును.

ఉత్తరముల సంగతి

ఎమ్‌ఎక్స్ పద్దు వ్రాసిన మాత్రమున మన యుత్తరములు ఎదుటివారు పుచ్చుకొందురని తలంపరాదు. మన డొమైన్ పేరిట నుత్తరములు పంప నధికారము గల యంత్రములేవో టీఎక్స్‌టీ పద్దుగా వ్రాయవలయును. దీనికి ఎస్‌పీఎఫ్ అని పేరు. ఉత్తరమునకు చేవ్రాలువంటి డీకిమ్, రెండును దప్పినచో నేమిచేయవలయునో తెలుపు డీమార్క్ అనునవియు జోన్ పత్రముననే యుండును. అంకెనుండి పేరును దెలుపు పీటీఆర్ అను పద్దు మాత్రము మన జోన్ పత్రములో వ్రాసిన బనికిరాదు. అది యంకె యెవరిదో వారి చేతిలోనిది. సర్వరు అద్దెకిచ్చినవారి పుటయందో, వారి నడిగియో దానిని సరిచేయించుకొనవలయును.

చోటు మార్చునప్పుడు

సర్వరు మార్చు దినముననే పద్దు మార్చి, కొందఱికి పాతపుట వచ్చుచున్నదని చింతించుట తఱచుగ గానవచ్చును. టీటీఎల్ 86400 గా నున్నంతకాలము రిసాల్వరులు పాత బదులునే యొకదినము చెప్పుట వాని ధర్మము. కావున రెండు దినములు ముందుగానే టీటీఎల్‌ను 300 కు దగ్గింపవలయును. పిమ్మట నంకెను మార్చి, క్రొత్తచోట నంతయు కుదిరినదని నిశ్చయమైన తరువాత టీటీఎల్‌ను మరల బెంచవలయును. పాత సర్వరును కొన్ని దినములు నడువనిచ్చుట మేలు. ప్రవేశములును పరీక్షాఫలితములును ప్రకటించు వారములో నిట్టి పని బెట్టుకొనకుండుట వివేకము.

రక్షణ

అధికార నేమ్‌సర్వరు లోకులందఱి కొఱకు వెదకిపెట్టు రిసాల్వరు పని చేయరాదు. అట్లు తెఱచియున్న సర్వరులను దుష్టులు వాడుకొని, చిన్న ప్రశ్నను పరుల చిరునామాతో నడిగి, పెద్ద ప్రత్యుత్తరములను ఆ నిరపరాధులమీదికి మళ్లింతురు. కావున రికర్షన్‌ను నో అని వ్రాసి నిలుపవలయును. జోన్ పత్రము మొత్తమును రెండవ సర్వరునకు దప్ప మఱెవరికిని ఇయ్యరాదు. ఆ రెంటికి నడుమ టీసిగ్ అను రహస్యపు తాళమును వాడుట మంచిది.

2008 లో డాన్ కమిన్‌స్కీ అను నిపుణుడు రిసాల్వరుల జ్ఞాపకములో దొంగ ప్రత్యుత్తరములను జొప్పించు మార్గమొకటి గలదని కనిపెట్టి, దానిని వెంటనే బయటబెట్టక, ప్రోగ్రాములు వ్రాయువారికి రహస్యముగా దెలిపి, అందఱును ఒకేసారి సవరణలు వెలువరించునట్లు చేసెను. విద్యతోపాటు బాధ్యత యుండవలయుననుటకు ఇది మంచి తార్కాణము. ఇట్టి మోసమునకు నిజమైన విరుగుడు డీఎన్‌ఎస్‌సెక్, అనగా ప్రత్యుత్తరములకు చేవ్రాలు చేయుట. 2010 జూలై 15 న మూలస్థానమునకు ఈ చేవ్రాలు జరిగెను. బైండ్ 9 దీనిని చాలవఱకు తానే చేయగలదు. మనము డీఎస్ అను పద్దును రిజిస్ట్రారుద్వారా పైవారికి జేర్పవలయును. కాని తాళములను మార్చి డీఎస్‌ను మఱచినయెడల, పరీక్షించు రిసాల్వరులన్నియు మన పేరును దొంగపేరని త్రోసివేయును. కావున మొదటి మెట్లు స్థిరపడిన తరువాతనే దీనికి బూనుకొనవలయును.

ముగింపు

ఇంతవఱకు జెప్పినదానిలో కఠినమైన గణితము లేదు; గొప్ప ధనవ్యయమును లేదు. కావలసినవి క్రమము, ఓపిక, పుస్తకములో వ్రాసిపెట్టుకొను నలవాటు. ఏ పేరు ఎవరియొద్ద కొన్నాము, గడువు ఏనాడు, సర్వరులెచ్చట, అంకెలేవి, మార్పు చేసిన తేది యేది అను నీ సంగతులను సంస్థ దస్త్రములో నుంచి, ఇద్దఱికైనను దెలియునట్లు చేసినయెడల, ఒకరు బదిలీ యైనను పని నిలువదు. పై తరగతుల విద్యార్థులు ఇద్దఱిద్దఱుగ జేరి, తమ యింట నున్న పాత కంప్యూటరుమీదనే బైండ్‌ను బెట్టి, ఒక జోన్ పత్రము వ్రాసి, డిగ్‌తో నడిగి చూతురు గాక. చుక్క విడిచి చూడుడు, వరుస సంఖ్య పెంచక చూడుడు. ఏమగునో కన్నులార గాంచుడు. ఇంటి యంత్రమున తప్పినను నెవరికిని నష్టము లేదు. అచ్చట నేర్చినవాడు రేపు పదిమంది నమ్మిన పేరును గాపాడగలడు.